జాక్ జాన్సన్: జరగనివ్వని పోటీల చాంపియన్

బాక్సింగ్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఒక చర్చ తప్పదు. జో లూయీ, ముహమ్మద్ అలీ ఒకే కాలంలో పుట్టి ఉంటే ఎవరు గెలిచేవారు? మైక్ టైసన్ ముందు రాకీ మార్సియానో ఎన్ని రౌండ్లు నిలబడేవాడు? హెవీవెయిట్ బాక్సింగ్ చుట్టూ ఈ ఊహా పోటీలు నూరేళ్లకు పైగా నడుస్తున్నాయి. పత్రికలు జాబితాలు వేశాయి. రేడియోవాళ్లు కంప్యూటర్‌తో తీర్పు చెప్పించారు. ఈ జాబితాలన్నిటిలో తిరిగి తిరిగి కనిపించే పేరు జాక్ జాన్సన్. 1908 నుంచి 1915 దాకా టైటిల్ నిలబెట్టుకున్న తొలి నల్లజాతి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అతను. బాక్సింగ్ పత్రిక ‘ది రింగ్’ స్థాపకుడు నాట్ ఫ్లైషర్ హెవీవెయిట్లందరిలో జాన్సన్‌కే మొదటి స్థానం ఇచ్చాడు.

అయితే జాన్సన్ జీవితం తెలుసుకున్నాక ఈ చర్చను మునుపటిలా చేయలేం. లూయీ, అలీ తమ తమ ఉచ్చదశలో తలపడలేదంటే దానికి కారణం కాలం. ఒకరి యవ్వనం ముగిశాక మరొకరు వచ్చారు. మరి ఒకే కాలంలో, ఒకే దేశంలో బతికి, ఒకరి పేరు ఒకరు రోజూ పేపర్లో చదువుకున్న ఇద్దరు ఎందుకు తలపడలేదు? అక్కడ కాలాన్ని నిందించలేం. ఎవరో ఆపారు. జాన్సన్ కథ గెలిచిన పోటీల కథ ఎంతో, ఆపేసిన పోటీల కథ కూడా అంతే.

గాల్వెస్టన్ రేవు

జాన్ ఆర్థర్ జాన్సన్ 1878 మార్చి 31న టెక్సస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ రేవు పట్టణంలో పుట్టాడు. తల్లీతండ్రీ ఇద్దరూ బానిసలుగా పుట్టినవాళ్లే. తండ్రి హెన్రీ ఊడ్చి తుడిచే పని చేసేవాడు. తల్లి టైనీ ఇళ్లలో పని చేసి పెద్ద సంసారాన్ని ఈదింది. జాన్సన్ చదువు కొన్నేళ్లకే ఆగింది. రేవులో బరువులు మోశాడు, దొరికిన పనల్లా చేశాడు. ఆ పేద పేటలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసే తిరిగేవారు. తెల్లవాళ్లు తనకంటే గొప్పవాళ్లన్న మాట చిన్నతనంలో తనకు ఎవరూ నేర్పలేదని అతను పెద్దయ్యాక గుర్తుచేసుకున్నాడు. 1900 సెప్టెంబర్‌లో వచ్చిన పెను తుపాను గాల్వెస్టన్‌ను ముంచేసింది. జాన్సన్ కుటుంబం ఇల్లు కూడా అందులో పోయింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే ఊళ్లో అతను జో చోయిన్‌స్కీ అనే అనుభవజ్ఞుడైన యూదు బాక్సర్‌తో తలపడి మూడో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. డబ్బు కోసం బాక్సింగ్ ఆడటం టెక్సస్‌లో నేరం. పోలీసులు ఇద్దరినీ పట్టుకెళ్లి జైల్లో పెట్టారు. మూడు వారాలకు పైగా ఇద్దరూ లోపలే ఉన్నారు. ఆ రోజుల్లో చోయిన్‌స్కీ తాను ఓడించిన కుర్రాడికి పాఠాలు చెప్పాడు. ఇంత చురుగ్గా కదిలేవాడు అసలు దెబ్బ ఎందుకు తినాలి అన్నది ఆ పాఠాల సారాంశం. జాన్సన్ శైలికి పునాది ఆ జైలు గదిలోనే పడింది. ఎదుటివాడి పంచ్‌ను అరచేత్తో మధ్యలోనే పట్టడం, దగ్గరికి వస్తే రెండు చేతులూ బిగించి కదలనివ్వకపోవడం, అతను అలిసి చేతులు దించిన క్షణాన కింది నుంచి అప్పర్‌కట్ వేయడం. దెబ్బ కొట్టడం కన్నా దెబ్బ తినకపోవడమే అతని విద్య.

రంగు గీత

హెవీవెయిట్ చాంపియన్ అంటే ఆనాటి అమెరికాలో కేవలం ఒక ఆటగాడు కాదు. భూమ్మీద అందరికంటే బలమైన మగవాడు అని అర్థం. ఆ కుర్చీలో నల్లవాడు కూర్చోవడాన్ని బానిసత్వం రద్దయి నలభై ఏళ్లయినా తెల్ల అమెరికా ఊహించలేకపోయింది. అందుకే ఒక కట్టడి పెట్టుకుంది. దాన్ని అందరూ కలర్ లైన్ అనేవారు. చట్టంలో లేని గీత అది, అయినా దాటనిచ్చేవారు కాదు. నల్ల బాక్సర్లు తెల్ల బాక్సర్లతో మామూలు పోటీలు ఆడొచ్చు. టైటిల్ పోటీ మాత్రం అడగకూడదు.

చాంపియన్ జాన్ ఎల్. సలివన్ నల్లవాళ్లతో టైటిల్ కోసం తలపడనని బహిరంగంగానే చెప్పుకున్నాడు. అతని కాలంలోనే పీటర్ జాక్సన్ అనే గొప్ప నల్ల బాక్సర్ ఉన్నాడు. కరీబియన్ దీవుల్లో పుట్టి ఆస్ట్రేలియాలో పేరు తెచ్చుకున్నవాడు. 1891లో జాక్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు ఆడాడు. ఎవరూ గెలవలేదు. మరుసటి ఏడాది సలివన్ మీద టైటిల్ పోటీ అవకాశం కార్బెట్‌కు దక్కింది. అతను గెలిచి చాంపియన్ అయ్యాడు. 61 రౌండ్లు సమంగా నిలిచిన జాక్సన్‌కు ఆ అవకాశం ఎప్పటికీ రాలేదు.

జాన్సన్ ముందుకు వచ్చేసరికి చాంపియన్ జేమ్స్ జెఫ్రీస్. 1902లో జాన్సన్ లాస్ ఏంజెలెస్‌లో జెఫ్రీస్ తమ్ముణ్ణి ఐదో రౌండ్‌లో పడగొట్టాడు. 1903లో నల్లవాళ్ల కోసం విడిగా పెట్టిన ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ విడి టైటిల్ గురించి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అది గౌరవంలా కనిపించే వెలివాడ. జాన్సన్ అక్కడ సర్దుకోలేదు. జెఫ్రీస్‌ను నేరుగా సవాలు చేశాడు. చాంపియన్ కాకముందు నల్ల బాక్సర్లతో ఆడిన జెఫ్రీస్, చాంపియన్ అయ్యాక ఆ మాటే వద్దన్నాడు. 1905లో ఓటమి ఎరుగని చాంపియన్‌గా రిటైరై పొలం చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

సిడ్నీ, 1908

జెఫ్రీస్ తర్వాత టైటిల్ చేతులు మారి 1906లో కెనడాకు చెందిన టామీ బర్న్స్ దగ్గరికి వచ్చింది. జాన్సన్ అతని వెంట పడ్డాడు. బర్న్స్ ఇంగ్లండ్ వెళితే అక్కడికి వెళ్లాడు. ఆస్ట్రేలియా వెళితే అక్కడికీ వెళ్లాడు. చివరికి ఆస్ట్రేలియా ప్రమోటర్ హ్యూ మెకింటాష్ 30,000 డాలర్లు ఇస్తాననడంతో బర్న్స్ ఒప్పుకున్నాడు. జాన్సన్‌కు ఇచ్చింది 5,000. రెఫరీగా మెకింటాషే నిలబడ్డాడు. ఆరో వంతు డబ్బుకు, అవతలివాడు పిలిచిన చోటుకు, ప్రమోటరే రెఫరీగా ఉన్న రింగులోకి దిగడానికి జాన్సన్ సిద్ధపడ్డాడు. తలుపు ఒక్కసారి తెరిస్తే చాలు అనుకున్నాడు.

1908 డిసెంబర్ 26న సిడ్నీలోని రష్‌కటర్స్ బేలో పోటీ జరిగింది. మొదటి రౌండ్‌లోనే బర్న్స్ కింద పడ్డాడు. తర్వాత జాన్సన్ తొందరపడలేదు. బంగారు పన్ను మెరిసేలా నవ్వుతూ, బర్న్స్‌తోనూ చుట్టూ ఉన్న జనంతోనూ మాట్లాడుతూ కొట్టాడు. 14వ రౌండ్‌లో పోలీసులు వచ్చి పోటీ ఆపించారు. చాంపియన్ నేలకూలే దృశ్యం సినిమాలో పడకుండా కెమెరా కూడా ఆపించారు. ఓటమిని ఆపలేకపోయారు గానీ ఓటమి బొమ్మను ఆపగలిగారు.

ఆ పోటీని చూసి రాసిన నవలాకారుడు జాక్ లండన్, జెఫ్రీస్ పొలం వదిలి వచ్చి జాన్సన్ ముఖం మీది నవ్వును తుడిచేయాలని పిలుపునిచ్చాడు. అక్కడి నుంచి తెల్ల పత్రికలు ‘గ్రేట్ వైట్ హోప్’ కోసం, అంటే తెల్లజాతి పరువు నిలబెట్టే మొనగాడి కోసం, వెతుకులాట మొదలుపెట్టాయి. 1909 అక్టోబర్‌లో మిడిల్‌వెయిట్ చాంపియన్ స్టాన్లీ కెచెల్‌ను దించారు. బరువులో జాన్సన్ కంటే ఎంతో తక్కువవాడు. 12వ రౌండ్‌లో కెచెల్ దెబ్బకు జాన్సన్ కింద కూర్చున్నాడు. లేచిన మరుక్షణమే కొట్టిన దెబ్బకు కెచెల్ స్పృహ తప్పాడు. ఇక మిగిలింది జెఫ్రీస్ ఒక్కడే.

రెనో, 1910

బాక్సింగ్ చరిత్రలో ఊహా పోటీ నిజంగా జరిగిన సందర్భం ఏదైనా ఉందంటే అది 1910 జూలై 4న నెవాడా రాష్ట్రంలోని రెనోలో జరిగినదే. ఓటమి ఎరుగని గత చాంపియన్, ప్రస్తుత చాంపియన్ ఎదురెదురుగా నిలబడ్డారు. నిరుటి తరం గొప్పదా, ఈ తరం గొప్పదా అన్న ప్రశ్నకు రింగులో జవాబు దొరకబోతోంది. ప్రశ్న తరాలది కాదని అందరికీ తెలుసు.

జెఫ్రీస్‌కు అప్పటికి 35 ఏళ్లు. ఐదారేళ్లుగా రింగు ముఖం చూడలేదు. పోటీ కోసం సుమారు 45 కిలోల బరువు తగ్గాడు. మొదట శాన్‌ఫ్రాన్సిస్కోలో జరగాల్సిన పోటీని కాలిఫోర్నియా గవర్నర్ వద్దనడంతో రెనోకు మార్చారు. ప్రమోటర్ టెక్స్ రికార్డ్ 1,01,000 డాలర్ల బహుమతి ప్రకటించి, రెఫరీగా తానే ఉన్నాడు. 45 రౌండ్ల పోటీ. ఎర్రటి ఎండలో ఇంచుమించు 20,000 మంది ప్రేక్షకులు, దాదాపు అందరూ తెల్లవాళ్లే. పందేలు జెఫ్రీస్ వైపే ఎక్కువగా కాశారు. పందెం కాసింది చేతిలో ఉన్న సమాచారం చూసి కాదు, కావాలనుకున్న ఫలితం చూసి.

15వ రౌండ్‌లో జెఫ్రీస్ తన జీవితంలో మొదటిసారి కింద పడ్డాడు. లేచి మళ్లీ పడ్డాడు. నాకౌట్ అన్న మాట అతని రికార్డులో పడకూడదని అతని మనుషులు రింగులోకి వచ్చి పోటీ ముగించారు.

ఆ సాయంత్రం నుంచి దేశంలో ఎన్నో ఊళ్లలో అల్లర్లు చెలరేగాయి. సంబరం చేసుకున్న నల్లవాళ్ల మీద, రోడ్డు మీద కనిపించిన నల్లవాళ్ల మీద తెల్ల గుంపులు దాడి చేశాయి. ఇరవై మంది దాకా చనిపోయారని అంచనాలు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. ఒక ఆట ఫలితం తెలిసినందుకు మనుషుల్ని చంపారు. వెంటనే ఆ పోటీ సినిమాను అనేక రాష్ట్రాల్లో, నగరాల్లో నిషేధించారు. దక్షిణాఫ్రికాలో కూడా చూపనివ్వలేదు. 1912లో అమెరికా కాంగ్రెస్ ఏకంగా చట్టమే చేసి, బాక్సింగ్ సినిమాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లడాన్ని నేరం చేసింది. ఆ చట్టం 1940 దాకా బతికింది.

రింగులో ఓడించలేక

జాన్సన్ ఖరీదైన సూట్లు వేశాడు. కార్లు వేగంగా నడిపాడు. షికాగోలో సొంత కేఫ్ తెరిచాడు. తెల్ల స్త్రీలతో బహిరంగంగా తిరిగాడు, పెళ్లి చేసుకున్నాడు. తలవంచుకుని గెలిస్తే క్షమించేవారేమో గానీ, తలెత్తుకుని గెలిచాడు. అదే అతని నేరమైంది.

అయితే ఈ భాగంలో అతన్ని కేవలం బాధితుడిగా చూపితే సగం నిజమే చెప్పినట్టు. 1911లో పెళ్లాడిన ఎట్టా డుర్యాను అతను కొట్టేవాడని, ఒకసారి ఆమె ఆసుపత్రి పాలైందని జీవితచరిత్రకారులు నమోదు చేశారు. జాతి ద్వేషం ఒకవైపు, ఇంట్లో హింస, భర్త పరాయి సంబంధాలు మరోవైపు కమ్మేసి 1912 సెప్టెంబర్‌లో ఆమె ఆత్మహత్య చేసుకుంది. జాన్సన్‌ను నిలువరించిన వ్యవస్థకు ఆమె బాధతో ఏ పనీ లేదు. అది అతన్ని శిక్షించింది భార్యను కొట్టినందుకు కాదు, తెల్ల స్త్రీతో ఉన్నందుకు.

ఆ ఏడాదే మాన్ చట్టం కింద అతని మీద కేసు పెట్టారు. స్త్రీలను అనైతిక పనుల కోసం రాష్ట్రాలు దాటించడాన్ని నేరం చేస్తూ 1910లో తెచ్చిన చట్టం అది. మొదట లుసిల్ కామెరన్ అనే యువతిని సాక్షిగా నిలబెట్టాలని చూశారు. ఆమె సహకరించలేదు సరికదా, డిసెంబర్‌లో జాన్సన్‌నే పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి తర్వాత జార్జియాకు చెందిన ఒక కాంగ్రెస్ సభ్యుడు నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య పెళ్లిళ్లను నిషేధిస్తూ రాజ్యాంగాన్నే సవరించాలని ప్రతిపాదించాడు. ప్రతిపాదన నెగ్గలేదు. జాన్సన్‌తో గతంలో కలిసి తిరిగిన మరో స్త్రీని అధికారులు వెతికి తెచ్చారు. 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అతన్ని దోషి అంది. ఒక సంవత్సరం ఒక రోజు జైలు. అప్పీలు నడుస్తుండగా జాన్సన్ కెనడా మీదుగా ఫ్రాన్స్ వెళ్లిపోయాడు.

పోటీలు ఆపడం అమెరికాకే పరిమితం కాలేదు. 1911లో లండన్‌లో బాంబర్డియర్ బిల్లీ వెల్స్‌తో జాన్సన్ పోటీకి అన్నీ సిద్ధమయ్యాక, బ్రిటన్ హోంమంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ దాన్ని అడ్డుకున్నాడు. వలస దేశాల్లో కోట్లమందిని ఏలుతున్న సామ్రాజ్యానికి నల్లవాడి చేతిలో తెల్లవాడు ఓడే దృశ్యం ప్రమాదకరంగా తోచింది. ఆ తర్వాత బ్రిటిష్ టైటిళ్లకు నల్లవాళ్లు పోటీ పడకుండా పెట్టిన నిబంధన 1940ల చివరిదాకా నడిచింది. చమార్ కులానికి చెందిన పల్వంకర్ బాలూ ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసింది కూడా ఆ 1911లోనే. బొంబాయిలో హిందూ జట్టు అతని బౌలింగ్‌ను కావాలనుకుంది, కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. గీత గీసే చేతులు వేరు. గీత మాత్రం ఒకటే. శ్రమ తీసుకుంటాం, కిరీటం ఇవ్వం.

తాను గీసిన గీత

జాన్సన్ జీవితంలో జవాబు చెప్పడం కష్టమైన ప్రశ్న ఇక్కడుంది. చాంపియన్ కాకముందు అతను ఆడిన గట్టి పోటీలు తోటి నల్ల బాక్సర్లతోనే. శామ్ లాంగ్‌ఫర్డ్, జో జీనెట్, శామ్ మెక్‌వీ. తెల్లవాళ్లు వీళ్లకు టైటిల్ పోటీ ఇవ్వకపోవడంతో వీళ్లు ఒకరితో ఒకరు మళ్లీ మళ్లీ తలపడి బతికారు. 1906లో తనకంటే ఎంతో తేలికైన లాంగ్‌ఫర్డ్‌ను జాన్సన్ 15 రౌండ్లలో ఓడించాడు. తర్వాత లాంగ్‌ఫర్డ్ బలపడ్డాడు. టైటిల్ పోటీ కోసం ఎన్నిసార్లు అడిగినా చాంపియన్ జాన్సన్ ఇవ్వలేదు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ ఇవ్వలేదు.

ఎందుకు? నల్లవాళ్లిద్దరి పోటీకి టికెట్లు అమ్ముడుపోవన్నది ఒక కారణం. తెల్లవాడితో ఆడితే వచ్చే డబ్బు చాలా ఎక్కువ. లాంగ్‌ఫర్డ్ చేతిలో ఓడే ప్రమాదం ఉందన్నది మరో కారణం. 1913 డిసెంబర్‌లో పారిస్‌లో బాట్లింగ్ జిమ్ జాన్సన్ అనే నల్ల బాక్సర్‌కు మాత్రం అవకాశం ఇచ్చాడు. ఇద్దరు నల్లవాళ్ల మధ్య జరిగిన తొలి హెవీవెయిట్ టైటిల్ పోటీ అది. జాన్సన్ చేయి విరిగింది, పోటీ సమంగా ముగిసింది. తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్లిన మనిషి, తన వెనక ఉన్నవాళ్ల కోసం దాన్ని తెరిచి పట్టుకోలేదు. ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు ఈ దృశ్యం కొత్తది కాదు. ఒక్కడు పైకి వెళ్లడమూ, గీత చెరిగిపోవడమూ ఒకటి కాదు.

1915 ఏప్రిల్ 5న హవానాలో 37 ఏళ్ల జాన్సన్, తనకంటే చాలా పొడవైన జెస్ విలర్డ్ చేతిలో 26వ రౌండ్‌లో పడిపోయాడు. కావాలనే ఓడిపోయానని తర్వాత చెప్పుకున్నాడు. దాన్ని నమ్మినవాళ్లు తక్కువ. వయసు మీదపడిన మనిషి ఎండలో 25 రౌండ్లు నిలబడి, ఆ తర్వాత అలిసిపోయాడు. అంతే. స్పెయిన్, మెక్సికోల్లో కొన్నేళ్లు గడిపి 1920లో తిరిగొచ్చి లొంగిపోయాడు. లెవెన్‌వర్త్ జైలు నుంచి 1921 జూలైలో విడుదలయ్యాడు. మరుసటి ఏడాది ఒక రకం రెంచీకి అతని పేర పేటెంట్ వచ్చింది.

జో లూయీకి పెట్టిన షరతులు

జాన్సన్ ఓడాక గీత మరింత గట్టిగా బిగిసింది. 1919 నుంచి 1926 దాకా చాంపియన్‌గా ఉన్న జాక్ డెంప్సీతో పోటీకి హ్యారీ విల్స్ అనే నల్ల బాక్సర్ ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఒప్పందాల దాకా వచ్చింది. పోటీ మాత్రం జరగలేదు. మళ్లీ ఒక నల్లవాడు హెవీవెయిట్ చాంపియన్ కావడానికి 22 ఏళ్లు పట్టింది. అతనే జో లూయీ.

లూయీని పైకి తెచ్చిన నల్ల మేనేజర్లు జాన్సన్ కథ నుంచి ఒక పాఠం తీసుకుని షరతులు పెట్టారు. తెల్ల స్త్రీతో ఫొటో దిగకూడదు. పడిపోయిన ప్రత్యర్థిని చూసి నవ్వకూడదు. జాన్సన్ శిక్షణ ఇస్తానని వస్తే వాళ్లు వద్దన్నారు. నొచ్చుకున్న జాన్సన్, లూయీ జాబ్ వేశాక ఎడమ చేయి కిందికి వదిలేస్తాడని, కుడిచేతి దెబ్బకు దొరికిపోతాడని బహిరంగంగా చెప్పాడు. 1936 జూన్‌లో జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ సరిగ్గా ఆ దెబ్బతోనే లూయీని 12వ రౌండ్‌లో పడగొట్టాడు. జాన్సన్ ష్మెలింగ్ మీదే పందెం కాసి గెలిచాడు. నల్ల అమెరికా ఏడ్చిన రాత్రి అతను డబ్బు లెక్కపెట్టుకోవడం చాలామంది మరచిపోలేదు. 1937లో లూయీ చాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాది ష్మెలింగ్‌ను మొదటి రౌండ్‌లోనే ముగించాడు. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు.

1946 జూన్ 10న నార్త్ కరోలినాలో కారు ఢీకొన్నది స్తంభాన్ని మాత్రమే కాదు, జాన్సన్ జీవితాంతం ఢీకొన్న గోడనే మరోసారి ఢీకొంది. దారిలో ఒక హోటల్లో నల్లవాడన్న కారణంగా అందరితో సమానంగా వడ్డించలేదు. కోపంతో బయటికొచ్చి కారు వేగంగా నడిపాడు. ఫ్రాంక్లిన్‌టన్ దగ్గర ప్రమాదంలో 68 ఏళ్ల వయసులో చనిపోయాడు. షికాగోలో ఎట్టా సమాధి పక్కనే అతన్ని ఖననం చేశారు.

ఊహా రింగులో

ఇప్పుడు అభిమానుల ఆటలోకి మనమూ దిగుదాం. జాన్సన్, డెంప్సీ తలపడితే? డెంప్సీ తల వంచి దూసుకొచ్చేవాడు. అలా వచ్చేవాళ్లను బిగించి అప్పర్‌కట్ వేయడం జాన్సన్‌కు వెన్నతో పెట్టిన విద్య. మొదటి నాలుగు రౌండ్లు దాటితే జాన్సన్‌దే. జాన్సన్, లూయీ తలపడితే? 1936 నాటి లూయీ లోపాన్ని జాన్సన్ ముందే పట్టేశాడు. 1938 నాటి లూయీ దాన్ని సరిదిద్దుకున్నాడు. అతని పొట్టి, వరస పంచ్‌లను రెండు అరచేతులతో ఆపడం ఎవరి తరమూ కాదు. జాన్సన్, అలీ తలపడితే? అలీ పొడవు, చేతుల నిడివి, కాళ్ల వేగం జాన్సన్ ఎన్నడూ ఎదుర్కోనివి. 15 రౌండ్ల పోటీ అయితే అలీ పాయింట్ల మీద గెలుస్తాడు. 45 రౌండ్లు, పల్చటి గ్లవ్స్, మిట్టమధ్యాహ్నపు ఎండ అయితే ఓపికగా కాచుకునే జాన్సన్ మీదే నా నమ్మకం.

అంటే ఎవరు గొప్ప అని అడిగే ముందు, ఎవరి నిబంధనలతో అని అడగాలి. ఎన్ని రౌండ్లు, ఎలాంటి గ్లవ్స్, ఎవరు రెఫరీ, ఎవరికి ఎంత డబ్బు, అసలు ఎవరిని రింగులోకి రానిస్తారు. ఇవన్నీ తేలాకే ప్రతిభ అనే మాటకు అర్థం.

1967లో మర్రీ వొరోనర్ అనే రేడియో నిర్మాత పాత చాంపియన్ల మధ్య కంప్యూటర్ టోర్నీ పెట్టాడు. రికార్డులూ, బాక్సింగ్ రచయితల అంచనాలూ యంత్రానికి ఇచ్చారు. అది అలీని జెఫ్రీస్ చేతిలో ఓడించింది. చివరి విజేత రాకీ మార్సియానో. సైన్యంలో చేరనన్నందుకు ఆ ఏడాదే టైటిల్ పోగొట్టుకున్న అలీ, పరువు నష్టం దావా వేశాడు. ఆ గొడవ రాజీ అయి, అలీ, మార్సియానో కెమెరా ముందు నటించిన పోటీ 1970 జనవరిలో థియేటర్లకు వచ్చింది. అమెరికాలో చూపిన సినిమాలో మార్సియానో గెలిచాడు. యూరప్‌లో చూపిన దానిలో అలీ గెలిచాడు. యంత్రం ఒకటే, తీర్పు మాత్రం ప్రేక్షకుణ్ణి బట్టి మారింది.

జెఫ్రీస్‌కు యంత్రం అంత విలువ ఎందుకిచ్చింది? చాంపియన్‌గా అతని రికార్డు మచ్చలేనిది కాబట్టి. ఆ రికార్డుకు మచ్చ పడకపోవడానికి ఒక కారణం, మచ్చ పెట్టగలిగినవాణ్ణి అతను టైటిల్ రింగులోకి రానివ్వకపోవడం. వివక్షతో తయారైన రికార్డును యంత్రంలో వేస్తే యంత్రం వివక్షను లెక్కల భాషలో తిరిగి చెబుతుంది. పరీక్ష మార్కులనూ, ఇంటర్వ్యూ మార్కులనూ ప్రతిభకు కొలతలుగా చూపేవాళ్లతో వాదించేటప్పుడు ఈ 1967 టోర్నీని గుర్తుపెట్టుకోవడం మంచిది.

చాలా ఏళ్లపాటు కదిలిన ప్రయత్నాల తర్వాత 2018 మే నెలలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కు మరణానంతర క్షమాభిక్ష ఇచ్చాడు. శిక్ష పడి 105 ఏళ్లయింది. కాగితం మీది తీర్పును కొట్టేయొచ్చు గానీ జరగనివ్వని పోటీని జరిపించలేరు.

ఊహా పోటీలన్నిటిలోకీ నాకు విలువైనదిగా తోచేది లూయీతోనో అలీతోనో కాదు. 1904 నాటి జాన్సన్, 1904 నాటి జెఫ్రీస్. ఒకరికి 26 ఏళ్లు, ఇంకొకరికి 29. ఇద్దరూ ఒకే తీరంలో ఉన్నారు, ఇద్దరికీ గ్లవ్స్ ఉన్నాయి. ఆ రోజు ఎవరు గెలిచేవారు? బహుశా జెఫ్రీసే. ఆనాటి జాన్సన్ ఇంకా పూర్తిగా పండలేదు. మరుసటి ఏడాదే అతను మార్విన్ హార్ట్ అనే తెల్ల బాక్సర్‌తో పోటీలో రెఫరీ తీర్పుతో ఓడిపోయాడు కూడా. కానీ ఓడిపోవడం కూడా ఒక హక్కే. సమాన నిబంధనల మీద, అందరి కళ్ల ముందు, గెలవడానికో ఓడడానికో అవకాశం దొరకడమే సమానత్వం. నల్లవాడు ఎలాగూ ఓడిపోతాడని వాళ్లకు నిజంగా నమ్మకం ఉండి ఉంటే, గీత గీసే పనే ఉండేది కాదు. పోటీ పెట్టి చూపించేవారు.